విద్వేష ప్రసంగాలు: తాళం చెవి పాలకుల చేతిలోనే

2025 మే నెలలో వారం తిరగకుండానే రెండు కేసులు దేశం దృష్టికి వచ్చాయి. ఆపరేషన్ సిందూర్ వివరాలను మీడియాకు వెల్లడించిన కర్నల్ సోఫియా ఖురేషీని ఉద్దేశించి, ఆమెను ఉగ్రవాదుల సోదరిగా చిత్రించేలా మధ్యప్రదేశ్ మంత్రి విజయ్ షా ఒక బహిరంగ సభలో మాట్లాడారు. వీడియో దేశమంతా చూసినా ఆ రాష్ట్ర పోలీసులు కదలలేదు. మే 14న హైకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని ఆదేశించాల్సి వచ్చింది. ఆ రాత్రి నమోదైన ఎఫ్‌ఐఆర్‌ను మర్నాడు చదివిన న్యాయమూర్తులు, నిందితుడు దాన్ని సులువుగా కొట్టివేయించుకోగలిగేంత బలహీనంగా రాశారని ఆక్షేపించారు. మే 18న హర్యానా పోలీసులు అశోకా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలీఖాన్ మహ్మూదాబాద్‌ను ఢిల్లీలో అరెస్టు చేశారు. ఆయన రాసిందీ అదే సైనిక చర్య గురించే. కర్నల్ ఖురేషీని ప్రశంసిస్తున్నవారు మూకదాడులకూ బుల్డోజర్లకూ బలైన పౌరుల రక్షణ గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలన్నది ఆ పోస్టు సారాంశం. రాష్ట్ర మహిళా కమిషన్ అధ్యక్షురాలు ఒకటి, ఒక గ్రామ సర్పంచి మరొకటి ఫిర్యాదు ఇవ్వడమే తడవుగా కేసులు నమోదై అరెస్టు దాకా వెళ్లాయి.

మంత్రి మీద ఎఫ్‌ఐఆర్ నమోదు కావడానికి హైకోర్టు కావలసి వచ్చింది, ఆచార్యుడు బయటికి రావడానికి సుప్రీంకోర్టు కావలసి వచ్చింది. సర్వోన్నత న్యాయస్థానం ఇద్దరి విషయంలోనూ ముగ్గురేసి ఐపీఎస్ అధికారులతో ప్రత్యేక దర్యాప్తు బృందాలను వేసి, పైకి సమానత్వం పాటించింది. అయితే అప్పటికే ఒకరు జైలు చూశారు. రెండో వ్యక్తి అరెస్టుపై స్టే పొంది, నెలలు గడిచినా మంత్రివర్గంలోనే కొనసాగారు.

ఇలాంటి జంట ఉదాహరణలు ఎన్ని చెప్పినా వాటికి ఎదురు ఉదాహరణలు వెంటనే వస్తాయి. ద్వంద్వ ప్రమాణాల ఆరోపణ మన రాజకీయాల్లో అందరూ అందరి మీదా చేసేదే, కాబట్టి ఆరోపణతో సరిపెట్టుకుంటే చర్చ ముందుకు సాగదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఒకే చట్టం, ఒకే శిక్ష ఉన్నచోట ఇద్దరు వక్తల దారులు ఎక్కడ విడిపోతున్నాయి? నా పరిశీలనలో అవి న్యాయమూర్తి తీర్పు రాసే దశలో విడిపోవడం అరుదు. అంతకంటే చాలా ముందే, ఫిర్యాదు తీసుకునే పోలీసు స్టేషన్‌లో, అరెస్టు చేయాలా నోటీసు ఇవ్వాలా అన్న నిర్ణయంలో, ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చే సచివాలయంలో విడిపోతున్నాయి. ఈ మూడు చోట్లా నిర్ణయం తీసుకునేది కార్యనిర్వాహక వర్గమే, అంటే ఎన్నికల పోటీలో ఒక పక్షంగా ఉన్న పాలకులే.

చట్టం మాటల్లో వివక్ష కనపడదు. మతం, జాతి, భాష, కులం ప్రాతిపదికన వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడాన్ని భారత శిక్షాస్మృతిలోని 153ఎ నేరంగా పరిగణించేది. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ అమల్లో ఉంది. మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని శిక్షించే 295ఎ, వలస పాలనలో 1927లో వచ్చి, ఇప్పుడు 299వ సెక్షన్‌గా మిగిలింది. పోలీసు, ప్రభుత్వం, దిగువ కోర్టు తమకు తోచినట్టు అర్థం చేసుకునేంత విశాలంగా ఈ నిబంధనలు ఉన్నమాట నిజమే. ఆ వెడల్పును తగ్గించడానికి సుప్రీంకోర్టు కొంత ప్రయత్నం చేసింది. 1995లో బల్వంత్ సింగ్ కేసులో, ఎలాంటి అలజడికీ దారితీయని కొద్దిపాటి నినాదాలు నేరం కావని చెప్పింది. 1997లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులో, రెండు వర్గాల ప్రస్తావన లేకుండా ఒక వర్గం మనోభావాలను రెచ్చగొట్టడం మాత్రమే 153ఎ కిందికి రాదని స్పష్టం చేసింది.

అసలు కీలకమైన తీర్పు 2020 డిసెంబరులో అమీష్ దేవగన్ కేసులో వచ్చింది. ప్రసంగంలోని విషయం, మాట్లాడినవారి ఉద్దేశం, దాని వల్ల కలిగిన లేదా కలగబోయే హాని అన్నవే కాక, మాట్లాడినది ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు అన్నవి కూడా చూడాలని ధర్మాసనం పేర్కొంది. పదవి, ప్రభావం, ప్రజల్లో పలుకుబడి ఉన్నవారి మాటకు చేరువ ఎక్కువ కాబట్టి వారి బాధ్యత కూడా ఎక్కువేనని అంది. అంటే చట్టం దృష్టిలో అధికారం నేర తీవ్రతను పెంచే అంశం. ఆచరణలో అదే అధికారం రక్షణ కవచంగా మారుతోంది. ఒక సామాన్య పౌరుడి పోస్టుకు ఉదయం ఫిర్యాదు వస్తే సాయంత్రానికి అరెస్టు జరుగుతుంది, మంత్రి ప్రసంగానికి న్యాయ సలహా కావాలి, ఫోరెన్సిక్ నివేదిక కావాలి, పూర్తి వీడియో కావాలి, చివరికి ప్రభుత్వ అనుమతి కావాలి. ద్వంద్వ ప్రమాణం అనే మాటకు ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం నాకు కనిపించడం లేదు.

అనుమతి నిబంధన గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బహిరంగ చర్చలో దాని ఊసే రాదు. 153ఎ, 295ఎ వంటి నేరాలను కోర్టు విచారణకు స్వీకరించాలంటే కేంద్ర లేదా రాష్ట్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని పాత నేర విచారణ స్మృతిలోని 196వ సెక్షన్ చెప్పేది. కొత్త నాగరిక సురక్షా సంహితలో అదే 217వ సెక్షన్‌గా కొనసాగుతోంది. పనిలేని ఫిర్యాదులతో పౌరులను కోర్టుల చుట్టూ తిప్పకుండా చూడడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే నిందితుడు పాలక పక్షం వాడైనప్పుడు, లేదా స్వయంగా పాలకుడైనప్పుడు ఏమవుతుంది?

ఇది ఊహకు వదిలేసిన ప్రశ్న కాదు. 2007 జనవరిలో గోరఖ్‌పూర్‌లో చేసిన ప్రసంగంపై అప్పటి ఎంపీ యోగి ఆదిత్యనాథ్ మీద కోర్టు ఆదేశంతో కేసు నమోదైంది. దర్యాప్తు ఏళ్ల తరబడి సాగి, అనుమతి కోరిన ఫైలు మీద నిర్ణయం 2017 మేలో వెలువడింది. ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. ఆ ఏడాది మార్చిలోనే ఆదిత్యనాథ్ ముఖ్యమంత్రి అయ్యారు. సాక్ష్యంగా సమర్పించిన సీడీ మార్పులకు గురైందని ఫోరెన్సిక్ నివేదిక తేల్చిందని ప్రభుత్వం వాదించింది. ఆ వాదన నిజమే కావచ్చు, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేము. అలహాబాద్ హైకోర్టు 2018లో నిరాకరణను సమర్థించింది. 2022 ఆగస్టులో అప్పీలును కొట్టివేసిన సుప్రీంకోర్టు, ఈ కేసు వాస్తవాల దృష్ట్యా అనుమతి చర్చలోకి వెళ్లనవసరం లేదంటూ న్యాయ ప్రశ్నను మాత్రం భవిష్యత్తుకు వదిలిపెట్టింది. నిందితుడే ఈలోగా ముఖ్యమంత్రి అయి కార్యనిర్వాహక వర్గానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆ ప్రభుత్వం అతనిపై ప్రాసిక్యూషన్ అనుమతిని నిర్ణయించవచ్చా అన్నదే ఆ ప్రశ్న. సీడీ నకిలీదే అయినా ఆ మాట చెప్పవలసింది నిందితుడి సొంత ప్రభుత్వం కాదు అన్న అభ్యంతరం అలాగే నిలిచి ఉంది.

అనుమతి నిరాకరించడమే అవసరం లేదు, ఆలస్యం చేసినా చాలు. మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. 1992-93 ముంబై అల్లర్ల సందర్భంగా శివసేన పత్రిక 'సామ్నా'లో వచ్చిన రాతలపై ఆ పార్టీ అధినేత బాల్ ఠాక్రేను మహారాష్ట్ర ప్రభుత్వం 2000 జులైలో పెద్ద హడావిడితో అరెస్టు చేసింది. కాలపరిమితి దాటిపోయిందంటూ మేజిస్ట్రేటు అదే రోజు ఆయనను విడిచిపెట్టారు. నడుమ అధికారంలోకి వచ్చిన పార్టీలన్నీ ఆ ఏళ్లను ఎలా గడిపాయో వేరే చెప్పనక్కరలేదు. ఇదే ఠాక్రే ఎన్నికల చట్టం నుంచి మాత్రం తప్పించుకోలేకపోయారు. విలే పార్లే ఉప ఎన్నికలో 1987లో చేసిన ప్రసంగాలు అవినీతికర ఆచరణ కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో ఖరారు చేశాక, ఆరేళ్లపాటు ఆయన ఓటు హక్కు కోల్పోయారు. ఈ రెండు ఫలితాల మధ్య తేడాకు ఒక కారణం స్పష్టంగా ఉంది. ఎన్నికల పిటిషన్‌ను ఓడిపోయిన అభ్యర్థి గానీ ఓటరు గానీ నేరుగా హైకోర్టులో వేయవచ్చు. మధ్యలో ప్రభుత్వ అనుమతి అనే తలుపు లేదు, దాని తాళం చెవి పెట్టుకున్న ద్వారపాలకుడూ లేడు.

ఢిల్లీ అనుభవం ఈ తలుపు ఎంత ముందుకు జరగగలదో చూపించింది. 2020 జనవరి ఎన్నికల ప్రచారంలో కేంద్ర సహాయమంత్రి అనురాగ్ ఠాకూర్ ఇప్పించిన నినాదంపై కేసు పెట్టించాలని బృందా కారత్ కోర్టుకు వెళితే, అనుమతి లేకుండా ఎఫ్‌ఐఆర్‌కు ఆదేశించడం కూడా కుదరదని మేజిస్ట్రేటు అన్నారు. హైకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. వాదనలు సాగుతుండగా, నవ్వుతూ అన్న మాటలో నేరం ఉండదన్న ధోరణిలో న్యాయమూర్తి చేసిన వ్యాఖ్య అప్పట్లో విస్తృతంగా చర్చకు వచ్చింది. (నవ్వుతూ చెప్పే మాటలు ఎంత పదునుగా ఉంటాయో ప్రచార సభలకు వెళ్లిన ఎవరికైనా తెలుసు.) అనుమతి గురించి మేజిస్ట్రేటు తీసుకున్న వైఖరి ప్రాథమికంగా సరైనది కాదనిపిస్తోందని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో నోటీసు ఇస్తూ వ్యాఖ్యానించింది. అప్పటికి ప్రసంగం జరిగి మూడేళ్లు దాటింది. ఆ ప్రసంగం జరిగిన నెలలోపే ఈశాన్య ఢిల్లీలో చెలరేగిన హింసలో 53 మంది చనిపోయారు. ఒకదానికి మరొకటి నేరుగా కారణమని ఏ కోర్టూ తేల్చలేదు, నేను కూడా అనడం లేదు. ఆ హింసకు కుట్ర పన్నారన్న ఆరోపణపై ఉమర్ ఖాలిద్‌ను 2020 సెప్టెంబరులో ఉపా చట్టం కింద అరెస్టు చేసినప్పుడు, మహారాష్ట్రలోని అమరావతిలో ఆయన చేసిన ప్రసంగాన్ని సాక్ష్యాల్లో ఒకటిగా చూపించారు. ఒక ప్రసంగాన్ని కుట్రకు సాక్ష్యంగా చదవగలిగిన దర్యాప్తు యంత్రాంగం, మరో ప్రసంగం మీద ఎఫ్‌ఐఆర్ కూడా నమోదు చేయలేదన్నది రికార్డులో ఉన్న విషయం.

ఇదంతా ఒక్క పార్టీ కథ అనుకుంటే పొరపాటు. తెలుగు నేల మీద మన కళ్ల ముందు జరిగిన రెండు కేసులు చూద్దాం. 2012 డిసెంబరులో నిర్మల్‌లో అక్బరుద్దీన్ ఒవైసీ చేసిన ప్రసంగానికి ఆయన 2013 జనవరిలో అరెస్టయి, సుమారు 40 రోజులు జైల్లో ఉన్నారు. విచారణ 2022 ఏప్రిల్ దాకా సాగి, నాంపల్లి ప్రత్యేక కోర్టు నిర్దోషిగా ప్రకటించింది. ఇకపై ఇలాంటి ప్రసంగాలు చేయవద్దని న్యాయమూర్తి హెచ్చరించారు. ఆ ప్రసంగం విన్నవారు లక్షల్లో ఉన్నారు. అది ఫలానా వ్యక్తి గొంతేనని కోర్టుకు సంతృప్తి కలిగేలా రుజువు చేయడానికి రెండు ప్రభుత్వాల కాలం చాలలేదు. మరోవైపు 2022 ఆగస్టులో ఎమ్మెల్యే రాజాసింగ్‌ను అరెస్టు చేసిన పోలీసులు, చట్టం చెప్పిన ముందస్తు నోటీసు ఇవ్వకపోవడంతో కోర్టు ఆయనను అదే రోజు విడిచిపెట్టింది. రెండు రోజుల తర్వాత ప్రభుత్వం ముందస్తు నిర్బంధానికి వీలిచ్చే పీడీ యాక్ట్ ప్రయోగించింది. నవంబరులో హైకోర్టు ఆ నిర్బంధాన్ని రద్దు చేసింది. ఒక కేసులో శిక్ష పడేంత శ్రద్ధ కనిపించలేదు, ఇంకో కేసులో విచారణ లేకుండానే లోపల ఉంచాలన్న ఆత్రుత కనిపించింది. రెండింటిలోనూ తగ్గింది న్యాయ ప్రక్రియ మీద గౌరవమే. 2009లో వరుణ్ గాంధీ మీద మాయావతి ప్రభుత్వం జాతీయ భద్రతా చట్టం ప్రయోగించడం, 2013లో సాక్షులు మాట మార్చడంతో ఆయన నిర్దోషిగా బయటపడడం కూడా ఈ కోవలోనిదే.

పార్టీల అంతర్గత క్రమశిక్షణ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రాజాసింగ్‌ను సస్పెండ్ చేసిన బీజేపీ, 2023 అక్టోబరులో సస్పెన్షన్ ఎత్తివేసి గోషామహల్ టికెట్ ఇచ్చింది. ఎన్నికలు దగ్గరపడితే సస్పెన్షన్లు కరిగిపోవడం అన్ని పార్టీల్లోనూ ఉన్నదే.

శిక్ష పడిన తర్వాత కూడా వేగం మారడం 2022లో ఉత్తరప్రదేశ్ చూపించింది. విద్వేష ప్రసంగం కేసులో అక్టోబరు 27న రాంపూర్ కోర్టు సమాజ్‌వాదీ పార్టీ ఎమ్మెల్యే ఆజం ఖాన్‌కు మూడేళ్ల శిక్ష విధిస్తే, మర్నాడే శాసనసభ సచివాలయం ఆయన స్థానం ఖాళీ అయిందని ప్రకటించింది. అదే నెల 11న ముజఫర్‌నగర్ అల్లర్ల కాలం నాటి కేసులో బీజేపీ ఎమ్మెల్యే విక్రమ్ సైనీకి రెండేళ్ల శిక్ష పడింది. రెండేళ్ల శిక్ష కూడా అనర్హతకు చాలు. అయినా కదలిక లేదు. ఈ తేడా ఏమిటని రాష్ట్రీయ లోక్‌దళ్ (ఆర్ఎల్డీ) నేత జయంత్ చౌధరి స్పీకర్‌కు లేఖ రాసిన తర్వాత నవంబరులో గానీ ఖతౌలీ స్థానం ఖాళీగా ప్రకటించలేదు. ఆజం ఖాన్ స్థానానికి డిసెంబరులో ఉప ఎన్నిక జరిగిపోయింది, సీటు బీజేపీ గెలుచుకుంది. 2023 మేలో సెషన్స్ కోర్టు ఆజం ఖాన్‌ను నిర్దోషిగా ప్రకటించేనాటికి ఆయనకు తిరిగి ఇవ్వడానికి సీటు లేదు.

ఎన్నికల సంఘం తీరు కూడా ఇందుకు భిన్నంగా లేదు. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక, యోగి ఆదిత్యనాథ్, ఆజం ఖాన్‌లను 72 గంటలు, మాయావతి, మేనకా గాంధీలను 48 గంటలు ప్రచారం నుంచి దూరంగా ఉంచింది. సంఘానికి అధికారాలు తిరిగి వచ్చినట్టున్నాయని కోర్టు చురక వేసింది. ప్రధానికి అదే ఎన్నికల్లో ఇచ్చిన క్లీన్‌చిట్లపై కమిషనర్ అశోక్ లవాసా అసమ్మతి నమోదు చేశారు. 2024లో పద్ధతే మారింది. ఏప్రిల్ 21న బాంస్వాడాలో ప్రధాని నరేంద్ర మోదీ ముస్లింలను ఉద్దేశించి చేసిన ప్రసంగంపై ఫిర్యాదులు వస్తే, నోటీసు ఆయనకు కాక పార్టీ అధ్యక్షుడు నడ్డాకు వెళ్లింది. సమతూకం కోసం రాహుల్ గాంధీపై వచ్చిన ఫిర్యాదులకు ఖర్గేకూ నోటీసు ఇచ్చారు. నెల రోజుల తర్వాత, పోలింగ్ దశల్లో ఎక్కువ భాగం ముగిశాక, మీ ప్రచారకులకు జాగ్రత్తలు చెప్పండని ఇద్దరు అధ్యక్షులకూ రాశారు. ఆ మధ్యలోనే, సిరిసిల్లలో కాంగ్రెస్ నేతలపై వాడిన పరుష పదజాలానికి కేసీఆర్‌ను మే 1 నుంచి 48 గంటలు ప్రచారం చేయకుండా నిషేధించారు. కేసీఆర్ భాషను వెనకేసుకురావడానికి నాకు కారణం ఏదీ లేదు. ప్రత్యర్థి పార్టీని తిట్టడానికి వ్యక్తిగత నిషేధం, ఒక మతస్థుల గురించి ఓటర్లలో భయం నాటే ప్రసంగానికి పార్టీ కార్యాలయానికి లేఖ అనే లెక్క ఏ నియమావళిలోంచి వచ్చిందో మాత్రం సంఘం వివరించలేదు.

ఇక ప్రతిపక్షాల వంతు. ఉదయనిధి స్టాలిన్ 2023 సెప్టెంబరులో సనాతన ధర్మాన్ని దోమలు, మలేరియా, డెంగీలతో పోల్చి నిర్మూలించాలని అన్నప్పుడు, ఇతర సందర్భాల్లో ప్రతి పదాన్నీ భూతద్దంలో చూసే వారిలో చాలామంది అది సిద్ధాంత విమర్శ మాత్రమేనని తేల్చేశారు. ఒక సిద్ధాంతాన్ని ఖండించడానికీ ఒక ప్రజా సమూహాన్ని నిర్మూలించమనడానికీ తేడా ఉందన్నది నేను కూడా ఒప్పుకుంటాను, కుల వ్యవస్థ మీద ద్రావిడ ఉద్యమం చేసిన విమర్శకు ఆ రక్షణ ఉండి తీరాలి. అయితే అదే పోలికను ఒక బీజేపీ మంత్రి ఇస్లాం గురించి వాడి ఉంటే ఈ సూక్ష్మ భేదాన్ని ఎందరు గుర్తు చేసుకునేవారు? మంత్రిగా ఉన్న వ్యక్తికి పర్యవసానాలు తెలిసి ఉండాలని సుప్రీంకోర్టు 2024 మార్చిలో ఆయనతో అన్నది అమీష్ దేవగన్ తీర్పులోని కొలమానం ప్రకారమే. 2023 మార్చిలో మహారాష్ట్ర ర్యాలీల కేసు విచారణకు వచ్చినప్పుడు, పిటిషనర్లు కేరళలోని, తమిళనాడులోని ఉదాహరణలను ఎందుకు ఎత్తుకోలేదని సొలిసిటర్ జనరల్ కోర్టులో ప్రశ్నించారు. ప్రశ్నలో న్యాయం ఉంది. మహారాష్ట్రలో ఏం చర్య తీసుకున్నారన్న దానికి అది జవాబు కాలేదు.

ఫిర్యాదు రాకపోయినా, మాట్లాడినవారి మతంతో నిమిత్తం లేకుండా కేసులు పెట్టాలని 2022 అక్టోబరులో మూడు ప్రభుత్వాలకు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించింది. ఉద్దేశం ఎంత ఉన్నతమైనదైనా, నా భయం ఇక్కడే మొదలవుతుంది. వివక్షకు విరుగుడుగా మరిన్ని కేసులు కోరితే, ఆ కేసులు పెట్టేది కూడా ఆ పోలీసులే. జాతీయ నేర గణాంకాల ప్రకారం 153ఎ కేసులు 2014లో 323 ఉంటే 2020 నాటికి 1,804కు చేరాయి. ఈ పెరుగుదలలో విద్వేషం పెరిగినందువల్ల వచ్చింది ఎంత, పోలీసుల ఉత్సాహం పెరిగినందువల్ల వచ్చింది ఎంత అన్నది ఆ అంకెలు చెప్పవు. 2023 అక్టోబరులో ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ సంస్థ విశ్లేషించిన అఫిడవిట్లలో 107 మంది సిట్టింగ్ ఎంపీలు, ఎమ్మెల్యేలు తమపై విద్వేష ప్రసంగం కేసులున్నాయని ప్రకటించారు. వారిలో కక్షతో ఇరికించబడినవారూ ఉంటారు, కేసులు ఎన్ని ఉన్నా ఏమీ కాదని తెలిసినవారూ ఉంటారు.

కాబట్టి అందరినీ సమానంగా జైల్లో వేయడం కంటే, నేరం అనిపించుకునే ప్రసంగం పరిధిని కుదించి, ఆ కుదించిన పరిధిలో మినహాయింపులు లేకుండా చూడడం మేలని నా అభిప్రాయం. మనోభావాలు గాయపడ్డాయన్న ఫిర్యాదును నేర చట్టం నుంచి వీలైనంత దూరం జరపాలి. ఒక సమూహం మీద హింసకు, బహిష్కరణకు, హక్కుల తొలగింపుకు పిలుపునిచ్చే ప్రసంగం మాత్రం, చేసినది పంచాయతీ వార్డు సభ్యుడైనా ప్రధానమంత్రి అయినా, కోర్టు దాకా వెళ్లాలి. కవి, ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును 2025 మార్చిలో కొట్టివేస్తూ, మాటలను కొలవవలసింది దృఢచిత్తుల కొలమానంతో గానీ ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసే బలహీన మనస్కుల కొలమానంతో కాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కొలమానాన్ని పోలీసు స్టేషన్‌లోనే వాడితే సగం కేసులు పుట్టవు. మిగిలిన సగానికి అనుమతి ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వం నుంచి తీసి, హైకోర్టు పర్యవేక్షణలో పనిచేసే అధికారికి అప్పగించి, గడువులోగా కారణాలతో కూడిన ఉత్తర్వు ప్రచురించాలనే షరతు పెట్టవచ్చు. ఇది అసాధ్యమేమీ కాదు. ప్రజాప్రతినిధులపై కేసుల ఉపసంహరణకు హైకోర్టు అనుమతి తప్పనిసరని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేసు ముగించే తలుపు దగ్గర పెట్టిన కాపలాను కేసు మొదలయ్యే తలుపు దగ్గర కూడా పెట్టాలి.

అలాంటి మార్పును కోరుతున్న పార్టీ మాత్రం కనిపించదు. లా కమిషన్ 2017లో ఇచ్చిన 267వ నివేదిక రెండు కొత్త నేరాలను చేర్చమని సూచిస్తే, 2023లో శిక్షాస్మృతిని మొత్తంగా తిరగరాసిన కేంద్రం వాటిని చేర్చలేదు, అనుమతి నిబంధనను మాత్రం భద్రంగా కొత్త చట్టంలోకి తెచ్చుకుంది. కాంగ్రెస్ ప్రభుత్వం ఉన్న కర్ణాటకలో 2025 డిసెంబరులో శాసనసభ విద్వేష ప్రసంగాలపై ప్రత్యేక బిల్లును ఆమోదించింది. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, బెయిలు హక్కుగా దొరకని కేసు. ప్రత్యర్థుల నోరు మూయించడానికే ఈ బిల్లు అని బీజేపీ సభ్యులు సభలో నిరసన తెలిపారు. పక్క రాష్ట్రాల్లో తమ ప్రభుత్వాలు 196వ సెక్షన్‌ను ఎవరిమీద వాడుతున్నాయన్నది ఆ నిరసనలో ప్రస్తావనకు రాలేదు. అధికారాన్ని దుర్వినియోగం చేస్తున్నారని కేంద్రాన్ని ఏళ్లుగా తప్పుపడుతున్న కాంగ్రెస్, ఆ బిల్లులో కేసు పెట్టే నిర్ణయాన్ని తన పోలీసుల చేతుల్లోనే ఉంచుకుంది.